హామర్‌స్మిత్, 1931: నలుపులోంచి వెలుగు

బల్ల మీద ఇసుక దట్టించిన తోలు దిండు. దాని మీద అరచేతిలో ఇమిడేంత చెక్కదిమ్మ. పైముఖానికి నల్ల ఇంకు పూసి గుడ్డతో ఒత్తి తుడిచారు. మీ ముఖం లీలగా కనిపించేంత నున్నగా ఉంది. కుడి అరచేతిలో గుండ్రటి పిడి కుదురుకుంది. పిడిలోంచి బయల్దేరిన సన్నటి ఉక్కుకమ్మి చూపుడువేలి కిందుగా సాగి చెక్క మీద వాలింది. దీన్ని గ్రేవర్ అంటారు. బొటనవేలు దిమ్మకు ఆనించండి. కమ్మి అదుపు తప్పకుండా ఆపేది ఆ వేలే. ఇప్పుడు మెల్లగా ముందుకు నెట్టండి.

శబ్దం దాదాపు లేదు. వెంట్రుకంత పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచి రాలిపోయింది. దాని వెనక నల్లటి ముఖం మీద లేత పసుపు గీత ఒకటి మిగిలింది. అచ్చులో ఆ గీత తెల్లగా వస్తుంది. మీరు ముట్టుకోని చోటంతా నలుపే. కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసేటప్పుడు మనం తెలుపు మీద నీడలు పెడతాం. ఇక్కడ మొదట చీకటి ఉంటుంది, మీరు వెలుగు పెడుతూ పోవాలి. ఆ తేడా చేతికి అలవాటు కావడానికి కొంతకాలం పడుతుంది, కంటికి అలవాటు కావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

గీత వంపు తిరగాలంటే చెయ్యి తిప్పకండి. చెయ్యి ఉన్నచోటే ఉంచి, ఎడమచేత్తో దిండు మీద దిమ్మను తిప్పండి. ఆ దిండు ఉన్నదే అందుకు. చెయ్యి తిప్పితే కమ్మి జారుతుంది, జారిన కమ్మి తిన్నగా ఎడమచేతి వేళ్ల మీదికి వస్తుంది. దిండు పక్కనే మిగతా పనిముట్లు వరసగా ఉన్నాయి. వంపు గీతలకు స్పిట్‌స్టికర్. ఒకే మందంలో పక్కపక్కన గీతలు లాగి బూడిదరంగు భ్రమ పుట్టించడానికి టింట్ టూల్. పెద్ద పెద్ద తెలుపులు తవ్వి పారేయడానికి స్కార్పర్. చేసిన పని కనిపించాలంటే దిమ్మ మీద కాస్త తెల్లటి పొడి చల్లి వేలితో రుద్దండి. పొడి గీతల్లో దిగి నిలుస్తుంది, బొమ్మ ఉన్నట్టుండి కళ్లు తెరుస్తుంది.

ఇది 1931 అక్టోబరు. లండన్ నగరం పడమటి వైపు హామర్‌స్మిత్‌లో, గర్డ్‌లర్స్ రోడ్డులోని ఇల్లు. చిత్రకారుడు, శిల్పి లియన్ అండర్‌వుడ్ పదేళ్ల కిందట, 1921లో, ఇక్కడ బ్రూక్ గ్రీన్ బడి పెట్టాడు. కిటికీ బయట బొగ్గుపొగ కలిసిన పొగమంచు. మధ్యాహ్నం మూడు దాటితే దీపం లేకుండా గీత కనపడదు. పాతకాలపు చెక్కడం పనివాళ్లు దీపానికీ దిమ్మకూ మధ్య నీళ్లు నింపిన గాజుబుడ్డి పెట్టుకునేవాళ్లు, వెలుగంతా ఒక్కచోటికి చేరి పడేలా. ఆ ఏర్పాటు మీ బల్ల మీద కూడా చేసుకోవచ్చు.

పత్రికల నిండా డబ్బు గొడవే. సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది. నెలాఖరుకు ఎన్నికలు. నగరానికి తూర్పున, బో పేటలోని కింగ్స్‌లీ హాల్లో గాంధీగారు బస చేసి ఉన్నారు, రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చి. ఇంత అలజడిలోనూ ఈ ఇంట్లోవాళ్లు ఒక పత్రిక నడుపుతున్నారు. పేరు ‘ది ఐలండ్’. సంపాదకుడు హంగరీ నుంచి వచ్చిన రచయిత జోసెఫ్ బార్డ్. కవితలు, వ్యాసాలు, వాటి సరసన చెక్కడం బొమ్మలు. అండర్‌వుడ్ దగ్గర బొమ్మ నేర్చుకున్నవాళ్లు, ఆయనతో కలిసి తిరిగినవాళ్లు అందులో కనిపిస్తారు. హెన్రీ మూర్ ఉన్నాడు, ఐలీన్ ఏగర్ ఉంది. తర్వాత ఈ ఇద్దరి పేర్లూ ప్రపంచమంతా తెలిశాయి. పత్రిక మాత్రం నాలుగు సంచికలతో ఆగిపోయింది.

నాలుగే కదా అని తీసిపారేయడానికి లేదు. ఆ కాలపు చిన్న సాహిత్య పత్రికల ఆయుష్షు అంతే. రాబర్ట్ గ్రేవ్స్, విలియం నికల్సన్‌లు తెచ్చిన ‘ది ఔల్’ మూడు సంచికలు దాటలేదు. హర్బర్ట్ ఫర్స్ట్ ‘ది ఆపిల్’ 1920లో మొదలై 1922లో మూతపడింది. ఆయనే మళ్లీ 1927లో ‘ది వుడ్‌కట్’ అనే వార్షిక సంచిక పెట్టి, 1930 వరకు నాలుగు తెచ్చాడు. ఓడిపోయి మళ్లీ లేచిన మనుషులు వీళ్లు. వీళ్లు ఎందుకింత పట్టుబట్టారో తెలియాలంటే మీ చేతిలో ఉన్న దిమ్మ గురించి కొంచెం చెప్పాలి.

దాన్ని దిండు మీంచి తీసి పక్కనుంచి చూడండి. సుమారు అంగుళం మందం. బాక్స్‌వుడ్ అనే చెట్టు చెక్క. ఆ చెట్టు ఎంత నెమ్మదిగా పెరుగుతుందంటే బాగా లావైన మాను దొరకడమే కష్టం. నిలువుగా పలక కోస్తే చెక్కకు నార ఉంటుంది. ఆ నారకు అడ్డంగా సన్నటి గీత గీయబోతే చెక్క చిట్లుతుంది. అందుకే మానును అడ్డంగా, గుండ్రటి బిళ్లలుగా కోస్తారు. ఏళ్ల తరబడి ఆరబెడతారు. బిళ్లలు చిన్నవి కాబట్టి నలుచదరం ముక్కలుగా కోసి అతికి, గీకి, నునుపు పెట్టి దిమ్మ చేస్తారు. వేలికొసతో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియదు. అడ్డంగా కోసిన ముఖానికి నార ఉండదు కనుక గ్రేవర్ ఏ దిక్కుకైనా ఒకే తీరుగా నడుస్తుంది. వెంట్రుక కన్నా సన్నటి గీతలు రెండు పక్కపక్కన చెక్కి, మధ్యలో చెక్క గోడను నిలబెట్టొచ్చు.

ఈ దిమ్మల కోసం బొమ్మలవాళ్లంతా ఫ్లీట్ స్ట్రీట్ వైపు సందుల్లో ఉన్న లారెన్స్ దుకాణానికి వెళ్తారు. 1859 నుంచి వాళ్ల పని ఇదే. ధర చదరపు అంగుళాల లెక్కన. విద్యార్థులు వేళ్లతో కొలుచుకుని, జేబు తడుముకుని, కావాలనుకున్నదాని కన్నా చిన్నది కొనుక్కుంటారు. ఈ కళలో బొమ్మలన్నీ చిన్నవిగా ఉండటానికి సౌందర్య కారణాలు వెతికేవాళ్లు ముందు ఆ చెట్టు మానునూ ఈ ధరల పట్టికనూ చూడాలి.

ఇక దిమ్మ ఎత్తు. 0.918 అంగుళం. ఈ అంకె ఊరికే పెట్టుకున్నది కాదు, ఇంగ్లండులో సీసపు అచ్చు అక్షరం ఎత్తు కూడా సరిగ్గా అంతే. అంటే మీరు చెక్కిన దిమ్మను కంపోజిటర్ తీసుకెళ్లి టైపు పక్కనే చేజ్ అనే ఇనుప చట్రంలో బిగిస్తాడు. అదే రోలరు అక్షరాల మీదా బొమ్మ మీదా ఒక్క ఊపున సిరా పూస్తుంది. ఒక్క ఒత్తుడులో అక్షరమూ బొమ్మా కలిసి కాగితం మీదికి దిగుతాయి. రాగి రేకు మీద చెక్కిన బొమ్మకు ఈ సదుపాయం లేదు, దానికి వేరే ప్రెస్సు, వేరే కాగితం కావాలి. పుస్తకంలో విడిగా అతికించిన ఆ పేజీ అతిథిలాగే ఉండిపోతుంది. మన ఊళ్లలో ట్రెడిల్ ప్రెస్సులు నడిచిన రోజుల్లో బ్లాకులు బిగించిన చేతులకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది.

నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. ఈ కళను చట్రం కట్టి గోడకు తగిలించి చూడటంలో పెద్ద తప్పేమీ లేదు గాని, దీని సొంతిల్లు పేజీ. ఒక పద్యం చివర, ఒక కథ నెత్తిన, నల్లటి అక్షరాల సరసన కూర్చున్నప్పుడే దీని గొంతు పూర్తిగా వినిపిస్తుంది. ఆ చిన్న పత్రికలవాళ్లు పట్టు వదలకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదే. పుస్తకం కొనలేని పాఠకుడికీ, చిత్రశాల గుమ్మం తొక్కని పాఠకుడికీ చిత్రకారుడి చేతి గీత నేరుగా అందే దారి పత్రిక పేజీ ఒక్కటే.

నేరుగా అన్న మాట మీద కాస్త ఆగాలి. యాభై ఏళ్లు వెనక్కి వెళ్తే ఇదే లండన్‌లో ఇదే దిమ్మల మీద వందల మంది పనివాళ్లు వంగి కూర్చుని కనిపిస్తారు. 1842లో మొదలైన ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ లాంటి వారపత్రికలకు బొమ్మలు కావాలి, వారం తిరిగేలోగా కావాలి. చిత్రకారుడు చెక్క మీద గీస్తాడు. పెద్ద దిమ్మను ముక్కలుగా విడదీసి తలా ఒకటి పంచుతారు. ఒకరు ఆకాశం, ఒకరు గుర్రాలు, ఇంకొకరు జనం. తెల్లవార్లూ చెక్కి పొద్దున్నే ముక్కల్ని మరలతో బిగిస్తే బొమ్మ తయారు. పనివాడి నైపుణ్యం అద్భుతం. కాని గీత అతనిది కాదు. ఇంకొకరి గీత చుట్టూ తెలుపు తవ్వడమే అతని బతుకు. శతాబ్దం చివరికి ఫోటోతో జింకు బ్లాకులు చేసే పద్ధతి వచ్చి ఆ కొలువు కూడా పోయింది.

అంతకు ముందు న్యూకాసిల్‌లో థామస్ బ్యూయిక్ అనే మహానుభావుడు ఉండేవాడు. 1753లో పుట్టి 1828లో పోయాడు. పక్షుల్నీ జంతువుల్నీ తన కళ్లతో చూసి, తానే గీసి, తానే చెక్కాడు. నలుపు మీద తెల్లగీతతో ఆలోచించడం నేర్పింది ఆయనే. తన దిమ్మల్లో ఒకటి 9 లక్షలకు పైగా ముద్రలు తట్టుకుందని చెప్పుకున్నాడు. ఆయన తర్వాత మూసుకుపోయిన ఆ దారిని మళ్లీ తెరిచిన మనిషి లండన్ సెంట్రల్ స్కూల్లో ఉన్నాడు. పేరు నోయెల్ రూక్. గీసినవాడే చెక్కాలి, చెక్కుతూనే ఆలోచించాలి అన్నది ఆయన పాఠం. కాగితం మీద పూర్తయిన బొమ్మను చెక్కకు దించడం కాదు, గ్రేవర్ ఏ గీత ఇవ్వగలదో ఆ గీతతోనే బొమ్మ పుట్టాలి. 1912 ప్రాంతంలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఐర్లండులోని కార్క్ నుంచి వచ్చిన రాబర్ట్ గిబ్బింగ్స్ ఒకడు.

యుద్ధం అయ్యాక, 1920లో, పది మంది కలిసి సొసైటీ ఆఫ్ వుడ్ ఎన్‌గ్రేవర్స్ పెట్టారు. గిబ్బింగ్స్, రూక్, ఎరిక్ గిల్, జాన్ నాష్, ల్యూసియన్ పిసారో, గోర్డన్ క్రేగ్ అందులో ఉన్నారు. గ్వెన్ రావెరా ఉంది, చార్లెస్ డార్విన్ మనవరాలు. అదే ఏడాది చెల్సీలోని చెనిల్ గ్యాలరీలో మొదటి ప్రదర్శన. ఆ పది మందిలో ఆమె ఒక్కతే స్త్రీ. కాని ఆ తర్వాతి పదిహేనేళ్లు చూస్తే ఈ కళలో ఆడవాళ్లు మగవాళ్లతో సమంగా నిలిచారు, కొన్నిచోట్ల మించిపోయారు. గెర్ట్రూడ్ హెర్మీస్, ఆగ్నెస్ మిల్లర్ పార్కర్, క్లేర్ లెయిటన్. ఈ పేర్లు తీసేస్తే ఆ కాలపు బ్రిటిష్ చెక్కడం సగానికి సగం ఖాళీ.

మళ్లీ మీ బల్ల దగ్గరికి రండి. ఎదురుగా ఒక అచ్చు పెట్టుకోండి. హెర్మీస్ 1926లో చెక్కిన ‘త్రూ ది విండ్‌స్క్రీన్’. మనం రాత్రిపూట కారులో కూర్చుని ఉన్నాం. ముందు అద్దం. హెడ్‌లైట్ల వెలుగు పడినంత మేర రోడ్డు, రోడ్డు పక్క చెట్లు. అంతే, మిగతా లోకం లేదు. ఇప్పుడు దగ్గరికి తెచ్చుకుని భూతద్దంలో చూడండి. చీకటిని ఆమె గీయలేదు, అది దిమ్మలో ముందే ఉంది. వెలుగు తగిలిన చోటల్లా కమ్మిని దించింది, వెలుగు చాలించిన చోట చెయ్యి ఆపేసింది. హెడ్‌లైటు చేసే పనే ఆమె గ్రేవర్ చేసింది. మోటారు కారు అప్పటికి కొత్త వస్తువు, గ్రేవర్ పాత పనిముట్టు. ఆ కొత్త వస్తువును చూపడానికి ఇంతకన్నా తగిన పనిముట్టు ఉందని నాకు అనిపించదు.

హెర్మీస్ ఈ బడిలోనే చదివింది. భర్త బ్లెయిర్ హ్యూస్-స్టాంటన్ కూడా. ఈ అక్టోబరులో ఇద్దరూ ఇక్కడ లేరు. వేల్స్ కొండల్లో, గ్రెగినోగ్ అనే బంగళాలో, డేవీస్ అక్కచెల్లెళ్లు నడిపే ప్రెస్సుకు నిరుడు వెళ్లారు. వాళ్లతో పాటు ఆగ్నెస్ మిల్లర్ పార్కర్, ఆమె భర్త విలియం మెక్‌కాన్స్. పార్కర్ అక్కడ ఈసప్ కథలకు 37 బొమ్మలు చెక్కింది. ఆమె చెక్కిన నక్క బొచ్చును చూస్తే వెంట్రుక వెంట్రుకకూ గ్రేవర్ ఒరవడి మారుతూ కనిపిస్తుంది. ఒక్క గీత జారితే అన్ని రోజుల పనీ పోయినట్టే. జారిన చోట దిమ్మకు రంధ్రం చేసి, బాక్స్‌వుడ్ మేకు బిగించి, నునుపు చేసి మళ్లీ చెక్కడం తప్ప వేరే మార్గం లేదు. ఆ పుస్తకం వేసింది 250 ప్రతులు. కొన్నవాళ్లు డబ్బున్నవాళ్లు. ఇది నాకు బాధ కలిగించే సంగతి, దాచను.

ఇప్పుడు మీ దిమ్మకు ప్రూఫు తీద్దాం. రాతిపలక మీద గట్టి సిరా, బఠాణీ గింజంత చాలు. రోలరుతో పరవండి. రోలరు కింద సిరా చిటచిటమని సన్నగా చప్పుడు చేయాలి. బురదలా మెత్తగా పలికితే సిరా ఎక్కువైనట్టు, సన్నగీతలు పూడుకుపోతాయి. దిమ్మ మీద రోలరును బరువు వేయకుండా పోనివ్వండి. పలుచటి జపాన్ కాగితం పరవండి. చెంచా వెనకవైపుతో చిన్నచిన్న చుట్లుగా రుద్దండి. రుద్దిన చోటల్లా కాగితం వెనక నుంచే నలుపు మసగ్గా తేలుతుంది. ఒక మూల పట్టి ఎత్తండి. మీరు ఎడమవైపు చెక్కిన చెట్టు కుడివైపుకు వచ్చింది. నలుపు మాత్రం ముఖమల్‌లా లోతుగా ఉంది, ఫోటో బ్లాకులో ఈ నలుపు రాదు.

చెంచాతో పత్రిక అచ్చు కాదు. అది చూడటానికి పాడింగ్టన్‌లో రైలెక్కి ట్వైఫర్డ్‌లో దిగి, బర్క్‌షైర్ పల్లె వాల్తమ్ సెయింట్ లారెన్స్‌కు పోవాలి. అక్కడ గిబ్బింగ్స్ 1924లో కొన్న గోల్డెన్ కాకరెల్ ప్రెస్ ఉంది. భారీ మనిషి, పెద్ద గడ్డం, గలిపొలి యుద్ధంలో గొంతుకు గుండు తగిలి బతికినవాడు. ప్రెస్సు మనిషి చేసే పని చూడండి. మొదటి ఒత్తుడు తీశాడు. కాగితాన్ని వెలుతురుకు పట్టి వెనకనుంచి చూశాడు. నల్లటి భాగాలు వెలవెలబోతున్నాయి, సన్నగీతలు మరీ ముదురుగా దిగాయి. రెంటికీ ఒకే ఒత్తిడి సరిపోదు. టిష్యూ కాగితాన్ని నలుపు ఆకారంలో చించి, కాగితం వెనకుండే మెత్త మీద అతికించాడు. మళ్లీ ఒత్తాడు. ఇంకో ముక్క అతికించాడు. గీతలు పడేచోట మెత్తలోంచి పలుచటి పొర ఒలిచేశాడు. ఒక్క పేజీకి పొద్దంతా పట్టినా ఆశ్చర్యం లేదు. చెక్కినవాళ్ల పేరు పుస్తకం మీద ఉంటుంది. ఈ చేతుల పేరు వెతుక్కోవాలి.

ఈ ఏడాది ఇక్కడి నుంచి వచ్చిన గొప్ప పుస్తకం ‘ది ఫోర్ గాస్పెల్స్’. మొత్తం 500 ప్రతులు. అక్షరాలూ బొమ్మలూ ఎరిక్ గిల్‌వే. మొదటి అక్షరం కొమ్మల్లా సాగి, ఆ కొమ్మల మధ్య మనుషులు నిలబడి, ఆ మనుషుల చూపు పక్కనున్న వాక్యం మీదికి వాలుతుంది. అక్షరం ఎక్కడ ఆగి బొమ్మ ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. ముద్రణలో నేను చూసిన అత్యుత్తమ పేజీల్లో ఇవి ఉన్నాయి. అదే గిల్ తన కన్నకూతుళ్ల మీద లైంగిక అత్యాచారం చేశాడన్న నిజం 1989లో ఫియోనా మెకార్తీ రాసిన జీవితచరిత్రతో బయటికొచ్చింది. అది తెలిశాక ఈ పేజీల్ని ఒకప్పటిలా తిప్పలేను. ఆ సంగతి చెప్పకుండా ఆయన పనిని మెచ్చుకోవడం ఆ ఆడపిల్లలకు చేసే అన్యాయమని నమ్ముతాను.

లండన్‌కు తిరిగి రండి. స్టేషన్ పుస్తకాల దుకాణంలో పత్రికలు తిరగేయండి. ‘టైమ్ అండ్ టైడ్’లో చిత్రకళా విమర్శ రాస్తున్నది గ్వెన్ రావెరా, 1928 నుంచి. రేడియో కార్యక్రమాల పట్టిక వేసే ‘రేడియో టైమ్స్’ కూడా చెక్కడం బొమ్మలు వేస్తుంది. పెద్ద సంఖ్యలో వేసే పత్రికలు అసలు దిమ్మను యంత్రం కింద పెట్టే సాహసం చేయవు. దిమ్మ మీంచి మైనపు అచ్చు తీసి, దాని మీద రాగి పొర కట్టించి, ఎలక్ట్రో అనే ఆ రాగి అచ్చుతో ముద్రిస్తారు, లేదా ప్రూఫును ఫోటో తీసి బ్లాకు చేస్తారు. అయినా బొమ్మ చెడదు. ఉన్నది పూర్తి నలుపు, పూర్తి తెలుపు. మధ్యలో చుక్కలతో తయారయ్యే బూడిదరంగు అసలు లేదు. చవక కాగితం మీద హాఫ్‌టోన్ ఫోటోలు అలుక్కుపోతాయి, ఈ గీత నిలబడుతుంది.

ఇండిపెండెంట్ లేబర్ పార్టీ వారపత్రిక ‘ది న్యూ లీడర్’ పాత సంచికలు దొరికితే వదలకండి. 1922 నుంచి 1926 దాకా దానికి సంపాదకుడు హెచ్. ఎన్. బ్రెయిల్స్‌ఫర్డ్. కార్మికుల రాజకీయ పత్రికలో మంచి చెక్కడం బొమ్మ ఎందుకుండకూడదని ఆయన పట్టు. క్లేర్ లెయిటన్ పని ఆయన కంట పడింది అలాగే. తర్వాత ఇద్దరూ చాలా ఏళ్లు కలిసి బతికారు. ఈ బ్రెయిల్స్‌ఫర్డ్ 1930లో మన దేశానికి వచ్చి, సత్యాగ్రహం నడుస్తున్న ఊళ్లు తిరిగి, 1931లో ‘రెబెల్ ఇండియా’ అనే పుస్తకం రాశాడు. లెయిటన్ 1933లో ‘ది ఫార్మర్స్ ఇయర్’ తెచ్చింది, పన్నెండు నెలలు, నెలకో పెద్ద బొమ్మ. కుప్ప నూర్చేవాళ్లు, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లు, వంగిన వెన్నులు. రైతు పనిని అంత బరువుగా, అంత మర్యాదగా చూపిన బొమ్మలు అరుదు.

డబ్బు కాలం మాత్రం ఎదురు తిరిగింది. 1929లో అమెరికా మార్కెట్ కూలాక పరిమిత ప్రతుల ఖరీదైన పుస్తకాలు కొనేవాళ్లు కరువయ్యారు. 1933లో గిబ్బింగ్స్ ప్రెస్సును అమ్మేశాడు. గ్రెగినోగ్ నుంచి నలుగురు చిత్రకారులూ అదే కాలంలో బయటికొచ్చారు. అప్పుడే ఈ కళ మామూలు ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లింది. నా దృష్టిలో అది మేలే అయింది. 1936లో గొలాంజ్ సంస్థ వేసిన హెచ్. ఇ. బేట్స్ పుస్తకం ‘త్రూ ది వుడ్స్’లో పార్కర్ బొమ్మలు 73. ఈసప్ కొనలేని బడిపంతులు దీన్ని కొనగలిగాడు. 1938లో పెంగ్విన్ ఇంకో అడుగు వేసింది. గిబ్బింగ్స్‌ను కళా సంపాదకుడిగా పెట్టుకుని చెక్కడం బొమ్మలతో పది పుస్తకాలు, ఒక్కోటి ఆరు పెన్నీలకు. అవి ఆశించినంత అమ్ముడుపోలేదు, వరస అక్కడితో ఆగింది. ఆ ప్రయత్నం చేసినవాళ్ల మీద నాకు గౌరవం తగ్గలేదు.

అదే 1938లో పసుపుపచ్చ అట్టతో ఇంకో పుస్తకం బయటికొచ్చింది. విజ్డెన్ క్రికెట్ వార్షిక సంచిక, దాని 75వ ముద్రణ. అట్ట కొత్తగా ఉండాలని ఎరిక్ రవీలియస్‌తో చిన్న బొమ్మ చెక్కించారు. రవీలియస్ 1903లో పుట్టినవాడు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో పాల్ నాష్ దగ్గర చదివాడు, గ్రేవర్‌తో చుక్కలు, చీలికలు, చిన్న చిన్న పొడుపులు వేసి గడ్డికీ గుడ్డకూ వేర్వేరు స్పర్శ తెప్పించడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు. పొడవు టోపీల విక్టోరియన్ పెద్దమనుషులు, ఒకరు బ్యాటు పట్టుకుని, ఒకరు వికెట్ల వెనక. యుద్ధకాలంలో ప్రభుత్వం తరఫున చిత్రకారుడిగా వెళ్లి, 1942 సెప్టెంబరు 2న ఐస్‌లాండ్ దగ్గర విమానంతో సహా ఆయన కనిపించకుండా పోయాడు. వయసు 39.

మన ఇళ్లలో క్రికెట్ పిచ్చి లేని ఇల్లు తక్కువ. ఈసారి గ్రంథాలయంలోనో స్నేహితుడి అలమరలోనో విజ్డెన్ కనిపిస్తే స్కోర్ల దగ్గరికి పోయే ముందు అట్ట మీద ఆ ఇద్దరినీ ఒక నిమిషం చూడండి. వీలైతే భూతద్దం పెట్టి చూడండి. నలుపు ఎక్కడ వదిలేశాడో, తెలుపు ఎక్కడ తవ్వాడో గీతగీతకూ తెలుస్తుంది.